60 పీసుల కిట్ కొనకముందు ఇది చూడండి: క్రోషే, నిట్టింగ్‌కి నిజంగా కావాల్సిన సామాను

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, ఆన్‌లైన్‌లో 60 పీసుల క్రోషే కిట్ కనిపిస్తోంది, కొనేయమంటావా?" అని. ఒక చెల్లెలు ఇంకాస్త వివరంగా రాసింది. కాలేజీలో చదువుకుంటూనే చీర కుచ్చులు అల్లి నాలుగు డబ్బులు సంపాదిస్తోందట. ఇప్పుడు పసిపాపకి స్వెటర్ అల్లమని మొదటి ఆర్డర్ వచ్చింది. దాచుకున్న డబ్బు కిట్‌కి పెట్టాలా, ఊలుకి పెట్టాలా అని అడుగుతోంది.

జవాబు ముందే చెప్పేస్తా. ఊలుకి పెట్టండి. కిట్ వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం కావాలో ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక సంగతి గుర్తుచేస్తా. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ పనికి ముఖ్యమైన సాధనం ఏంటి? సన్నటి స్టీలు కొక్కెం సూది, దారం. అంతే. అంటే అల్లేది చెయ్యే. మరి మిగతా సామాను దేనికి? మూడు పనులకి: కుట్లు జారిపోకుండా ఆపడానికి, లెక్క తప్పకుండా చూసుకోవడానికి, సైజు కొలవడానికి. ఏ వస్తువు చూసినా ఈ మూడింట్లో ఏ పని చేస్తుందో అడగండి. ఏదీ చెయ్యకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

మొదటిది, జారిపోవడం. ఇక్కడ క్రోషేకి, నిట్టింగ్‌కి పెద్ద తేడా ఉంది. క్రోషేలో మామూలుగా ఏ క్షణంలోనైనా ఒక్క లూప్ మాత్రమే ఓపెన్‌గా ఉంటుంది. మిగతా కుట్లన్నీ అప్పటికే లాక్ అయిపోయాయి. నిట్టింగ్‌లో అలా కాదు. సూది మీద 100 కుట్లు ఉంటే 100 లూపులూ ఓపెన్‌గానే ఉన్నట్టు. సూది జారిందా, ఒక్కో లూప్ కింది వరుసల దాకా నిచ్చెనలా ఊడిపోతుంది.

అందుకే క్రోషే చేసేవాళ్ళకి ఒక్క మార్కర్ చాలు. పని ఆపినప్పుడు ఆ ఓపెన్ లూప్‌లో మార్కర్ తగిలించి సంచిలో పడేస్తే, ఎవరు లాగినా ఊడదు. కిట్లలో రంగురంగుల మార్కర్లు వస్తాయి కదా, వాటిలో రెండు రకాలు. మూసి ఉండే ఉంగరం రకం నిట్టింగ్ సూదికి తొడగడానికి బాగుంటుంది. క్రోషేకి అది పనికిరాదు, కుట్టులో ఇరుక్కుపోతే కత్తిరించి తియ్యాల్సిందే. క్రోషేకి తెరిచి మూసే రకమే కావాలి. అది లేకపోతే? ఇంట్లో ఉన్న చిన్న పిన్నీసు చాలు. తుప్పు పట్టనిది చూసుకోండి, చుట్ట దగ్గర ఊలు చిక్కుకోకుండా కాస్త చూసుకోండి. వేరే రంగు దారం ముక్క అయితే ఇంకా సులువు.

నిట్టింగ్ వాళ్ళకి ఇంకో చిట్కా ఉంది, దాని పేరు లైఫ్‌లైన్. కోడ్ రాసేవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇది కమిట్ కొట్టడమే. గేమ్ ఆడేవాళ్ళకి సేవ్ పాయింట్. ఒక వరుస కరెక్ట్‌గా ఉందని తేలాక, నున్నటి సన్న కాటన్ దారాన్ని వేరే రంగుది తీసుకుని, సూది మీదున్న ప్రతి లూప్‌లోంచి దూర్చి వదిలేయండి. సూది మీది మార్కర్లలోంచి మాత్రం ఆ దారం పోనివ్వకండి, అవి అక్కడే బందీ అయిపోతాయి. తర్వాత మామూలుగా అల్లుకుంటూ పోండి. పైన ఎక్కడైనా తప్పు జరిగి ఊడదీయాల్సి వస్తే, ఊడటం సరిగ్గా ఆ దారం దగ్గర ఆగుతుంది. 10 వరుసలకి ఒకటి పెట్టుకుంటే, ఎంత పెద్ద తప్పైనా 10 వరుసల నష్టమే. దీనికి ఖర్చు రెండు మూర దారం.

సూది చివర్ల నుంచి కుట్లు జారకుండా రబ్బరు టోపీలు అమ్ముతారు. పెన్సిల్ చెరిపే రబ్బరు ముక్క గుచ్చినా అదే పని.

రెండోది, లెక్క. వరుసలు లెక్కపెట్టే కౌంటర్లు కిట్‌లో ఉంటాయి. జపానికి వేలికి పెట్టుకునే డిజిటల్ కౌంటర్ చూశారా? పూజా సామాను షాపుల్లో దొరుకుతుంది, బటన్ నొక్కితే ఒకటి పెరుగుతుంది. అల్లికకి అది చక్కగా సరిపోతుంది. ఫోన్‌లో కౌంటర్ యాప్ కూడా పెట్టుకోవచ్చు. కానీ ఒక నోటిఫికేషన్ వస్తే రీల్స్‌లోకి వెళ్ళిపోయి, 23వ వరుసలో ఉన్నామా 24లోనా అనేది మర్చిపోతాం. ఆ ప్రమాదం ఉన్నవాళ్ళు కాగితం మీద గీతలు గీసుకోండి, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం.

ఫోన్‌ని మాత్రం ఒక పనికి తప్పకుండా వాడండి. ఊలు ఉండ మీది లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. దాని మీద ఏ సైజు సూది వాడాలో, ఎలా ఉతకాలో ఉంటుంది. చాలా లేబుళ్ళ మీద రంగు లాట్ నంబర్ కూడా ఉంటుంది. ఒకే రంగు పేరు ఉన్నా, లాట్ మారితే షేడ్ కాస్త మారొచ్చు. సగం స్వెటర్ అయ్యాక ఇంకో ఉండ కొంటే, వెలుతురులో ఆ గీత స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి ఒకేసారి ఒకే లాట్ కొనండి.

మూడోది, సైజు. ఆర్డర్ తీసుకున్నవాళ్ళ డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే, జాగ్రత్తగా వినండి.

సూదుల నంబర్లు దేశాన్ని బట్టి మారతాయి. మన దగ్గర పాత ఊలు షాపుల్లో బ్రిటిష్ నంబర్లు ఇంకా నడుస్తున్నాయి. అందులో నంబర్ పెరిగితే సూది సన్నబడుతుంది, కరెంటు తీగ గేజ్ లెక్కలాగే. అమెరికా నిట్టింగ్ నంబర్లలో ఉల్టా, పెరిగితే లావవుతుంది. కాబట్టి యూట్యూబ్‌లో ఒక అమెరికన్ ఆవిడ "సైజ్ 10" అంటే అది 6 మిల్లీమీటర్లు. మీరు షాపుకెళ్ళి "10 నంబర్ ఇవ్వండి" అంటే మీ చేతికొచ్చేది 3.25 మిల్లీమీటర్లు కావచ్చు. దాదాపు సగం! నంబర్ అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. అందుకే రంధ్రాలున్న సైజు స్కేలు ఒకటి కొనుక్కోదగ్గ వస్తువు. సూది ఏ రంధ్రంలో సరిగ్గా దూరితే అదే దాని సైజు.

క్రోషే వాళ్ళకి ఇంకో మెలిక. అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషేనే బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. ప్యాటర్న్ ఎక్కడిదో చూసుకుని మొదలుపెట్టండి.

ఇప్పుడు గేజ్. చిన్న లెక్క చేద్దాం. ప్యాటర్న్ 10 సెంటీమీటర్లకి 20 కుట్లు అంటోంది, స్వెటర్ చుట్టుకొలత 50 సెంటీమీటర్లు. అంటే 100 కుట్లు. మీ చెయ్యి కాస్త బిగువు, 10 సెంటీమీటర్లకి 22 పడుతున్నాయి. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ 100 కుట్లు వచ్చేది 45 సెంటీమీటర్ల చిల్లరే. నాలుగున్నర సెంటీమీటర్లు తక్కువ. పసిపాప స్వెటర్‌లో అంత తగ్గితే అది పాపకి పట్టకపోవచ్చు, ఆర్డర్ వెనక్కి వస్తుంది.

దీన్ని ఆపేది ఒక టేపు. ముందు 15 సెంటీమీటర్ల చదరం అల్లండి, ఉతికి ఆరబెట్టండి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. అంచుల్లో కొలవకండి, అక్కడ కుట్లు సాగి ఉంటాయి. కుట్లు ఎక్కువ వస్తే కాస్త లావు సూది, తక్కువ వస్తే సన్న సూది. టేపు మాత్రం సాగిపోయిన పాతది వద్దు, ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి.

చివర్లో దారం కొసలు దాచడానికి మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూది కావాలి. ఇంట్లో దబ్బనం ఉంది కదా అని వాడకండి, దాని మొన ఊలుని చీల్చేస్తుంది. కొస కనీసం 15 సెంటీమీటర్లు వదిలి, ఒకవైపు దూర్చి, మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చండి. అప్పుడు ఉతికినా బయటికి రాదు.

ఊలు గిన్నెలు అని వంపు గాడి ఉన్నవి అమ్ముతారు. వంటింట్లో బరువైన స్టీలు గిన్నె తెచ్చుకుని ఉండ అందులో వేయండి, మంచం కింద దొర్లదు.

ఇక చెయ్యి. నా ఉద్దేశంలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. సన్నటి సూదిని గంటలకొద్దీ గట్టిగా పట్టుకుంటే బొటనవేలు, మణికట్టు లాగేస్తాయి. మెత్తటి పిడి ఉన్న ఒక మంచి హుక్ కొనండి. కుచ్చుల స్టీలు సూదికి పిడి చుట్టూ గుడ్డ టేపు లావుగా చుట్టండి. నిట్టింగ్‌లో పెద్ద పీసులకి సర్క్యులర్ సూది తీసుకుంటే బరువు చేతుల మీద కాకుండా ఒళ్ళో పడుతుంది. అరగంటకోసారి లేచి చేతులు విదిలించండి. నొప్పి పోకుండా ఉంటే డాక్టర్‌కి చూపించండి, ఆర్డర్ ఆగినా ఫర్వాలేదు.

సరే, లిస్టు రాసుకోండి. ఊలు లేబుల్ చెప్పిన సైజు హుక్ లేదా సూదులు, సైజు స్కేలు, టేపు, మొద్దు సూది, చిన్న కత్తెర. మార్కర్లకి పిన్నీసులు, లైఫ్‌లైన్‌కి దారం, లెక్కకి కాగితం ఇంట్లోనే ఉన్నాయి. రెండో సైజు హుక్ ఆ చదరం అల్లాక, అవసరమైతేనే.

మీ ఇంట్లో ఏ వస్తువుని అల్లిక సామానుగా మార్చారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ 10 సెంటీమీటర్ల లెక్కతో మన కొలతకి ప్యాటర్న్ ఎలా మార్చుకోవాలో చూద్దాం. అప్పటిదాకా ఒక చదరం అల్లి, ఉతికి, ఆరేసి ఉంచండి. ఉంటా మరి, బై.