అంగళ్ళ కసువు: దినమునకెన్నిసార్లు?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో తరతరాలుగా వుంటున్న తెలుగువారము మనము చెత్త అనము, కసువు అంటాము. కన్నడమువారి "కస" మన కసువునకు తోబుట్టువే. పేరేదయినా దానిని ఎన్నాళ్ళకొకసారి ఎత్తవలెనన్నది మాత్రము ఇంకను తేలని సంగతి. ఇంటి కసువు చేటెడు. అంగడి, హోటలు, పెండ్లి మంటపములది బండెడు.

ఈ లెక్కకు మూలము ఈగలో వున్నది. కుళ్ళులో అది పెట్టిన గ్రుడ్డు ఒక్క దినములో పగులుతుంది. ఎండ కాచే రోజులలో వారము పది దినములకే అది రెక్కలు వచ్చి ఎగురుతుంది. అంతకు ముందే కసువును ఎత్తివేస్తే ఆ తరము అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమువారు కుళ్ళే చెత్త ఏడు దినములకు మించి ఆవరణలో నిలువరాదని నిబంధన పెట్టినది ఈగలు, ఎలుకలు పెరగకుండుటకే. కాని అక్కడి మూత బిగించిన తొట్టి వేరు, మన హోటలు వెనుక సందులో పడే అరటాకులు, మిగిలిన సాంబారన్నము వేరు. ఏప్రిల్ నెలలో అవి సాయంత్రమునకే పులుస్తాయి. మనకు వారము గడువు ఏ మూలకు?

మన దేశములో ఈ విషయము న్యాయస్థానము దాకా పోయినదంటే, బెంగుళూరు నివాసి అయిన అల్మిత్రా పటేల్ అను ఇంజనీరమ్మగారు 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యము వలననే. దాని ఫలితముగా 2000లో పట్టణాల చెత్తను గూర్చి తొలి నిబంధనలు, 2016లో మరింత వివరమైనవి వచ్చాయి. కూరగాయలు, పండ్లు, పూలు, మాంసము, చేపలు అమ్మే మార్కెట్ల కసువును ఏ దినమునకాదినము ఎత్తవలెనని 2016 నిబంధనలు స్పష్టముగా చెప్పాయి. వీధులు ఊడ్చుట మాత్రము జనసమ్మర్దమును, వ్యాపారమును బట్టి ప్రతిదినమో, దినము విడిచి దినమో, వారమునకు రెండుసార్లో అన్నారు. లైసెన్సు లేని చోట నూరుమందికి మించి జనము చేరే వేడుకకు మూడు పనిదినముల ముందే స్థానిక సంస్థకు తెలుపవలెనని కూడా అందులో వున్నది. మన పెండ్లిండ్లలో నూరుమందికి తక్కువైనది ఎక్కడ చూస్తాము! 2026లో వాటి స్థానములో క్రొత్త నిబంధనలు వచ్చి, తడి, పొడి చెత్తలతోబాటు వాడి పారవేసిన శుభ్రతా వస్త్రములను, మందులు, బల్బులవంటి వాటిని కూడా వేరు చేసి నాలుగు పాళ్ళుగా ఇమ్మన్నారు.

నిబంధన వున్నది, బండి కూడా వచ్చుచున్నది. చిక్కంతా వేళలోనే వున్నది. చాలాచోట్ల బండి తెల్లవారుజామున గంట మ్రోగించుకొంటూ వస్తుంది. అప్పటికి అంగడి తలుపు తీయరు. అంగడివాడు కసువు ఊడ్చేది రాత్రి తలుపు వేసేటప్పుడు. ఊడ్చినది మురుగు కాలువ గట్టునకు చేరుతుంది. రాత్రంతా కుక్కలు, ఆవులు దానిని చిందరవందర చేస్తాయి. కాగితములలో దినమునకొకసారి అని వ్రాసివున్నా, ఆ కసువు మట్టుకు పన్నెండు గంటలు వీధిలోనే వుంటుంది.

మూడు ఊళ్ళకును ఒకే లెక్క కుదరదు. చిక్కబళ్ళాపురములో పూల వ్యాపారము తెల్లవారుజామునే మొదలై ప్రొద్దెక్కేసరికి ముగుస్తుంది. వాడిన పూలు, తొడిమలు మధ్యాహ్నమునకే ఎత్తవలెను. చింతామణి మార్కెట్టులో టమోటా కుప్పలు దిగే కాలములో నలిగిన పండ్ల నీరు కారుతుంది. అక్కడ ఒక్క విడత చాలదు, మిగిలిన నెలలలో చాలవచ్చు. బాగేపల్లి హైదరాబాదు రహదారి మీది ఊరు. హోటళ్ళకు రాత్రి, పగలు తేడా తక్కువ. అక్కడ కాలువలో పడిన ప్లాస్టిక్కు వానకు కొట్టుకొని చిత్రావతి దారి పడుతుంది. ఆ ఏరే దిగువకు సాగి పుట్టపర్తి వైపు పోతుంది. మన హోటలు సంచి అనంతపురం వైపు మనవారి చెరువులో తేలితే ఎవరిని అడగాలి?

ఇంకొక మాట. ఎన్నిసార్లు ఎత్తవలెనన్నది తడి కసువును బట్టియే. అట్టపెట్టెలు, సీసాలు వారమైనా కుళ్ళవు, పాత సామాను కొనేవారు వచ్చి తీసుకుపోతారు. తడిదానిని వేరుగా వుంచిన హోటలుకు దినమునకు రెండు విడతలైనా చిన్న బండి చాలును. రెండూ కలిపినచోట పెద్ద లారీ వచ్చినా చాలదు. పూర్వము పెంట బండ్లు నేరుగా చేలకు పోయేవి. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో సి. ఎన్. ఆచార్య 1939లో రూపొందించిన ఎరువు గుంటల పద్ధతికి ఈనాటికీ "బెంగుళూరు పద్ధతి" అనియే లోకమంతటా పేరు. టమోటా, పూలు పండించే సీమలో తడి కసువును పారవేయుట నాకు అర్థము కాని లెక్క.

రెండవ విడత అంటే ఎవరు ఎత్తాలన్న ప్రశ్న వస్తుంది. ఉన్న పౌరకార్మికులనే రాత్రికూడా రమ్మంటే అది అన్యాయము. వారిలో చాలామంది ఖాయమైన ఉద్యోగము కొరకు 2022 జులైలో రాష్ట్రములో సమ్మె చేయవలసి వచ్చినది. రాత్రి విడతకు వేరే మనుషులు, చేతితొడుగులు, వేరే జీతము వుండవలెను. దానికి అంగళ్ళవారు రుసుము చెల్లింపక తప్పదు. నెలకు ఒక బస్తా బియ్యము మీది లాభమంత వుండునో లేదో, దానికే గొణుగుట మర్యాద కాదు.

చిక్కబళ్ళాపురం, చింతామణులలో నగరసభ, బాగేపల్లిలో పురసభ ఈ పనికి బాధ్యులు. ఒక్కొక్కరు పోయి కసురుకొని వచ్చుటకంటె వీధి అంగళ్ళవారంతా కలసి ఒక అర్జీ వ్రాయుట మేలు. వీధి పేరు, అంగళ్ళ సంఖ్య, మూసే వేళ, తడి కసువు రోజుకెన్ని బుట్టలు, పొడి ఎన్ని సంచులు, బండి ఇప్పుడు వచ్చే వేళ, కావలసిన వేళ, ఇవి వుంటే చాలును. అర్జీ కన్నడములో వ్రాయండి. మన పిల్లలు బడిలో చదువుకొన్నది కన్నడమే గనుక వారిచేతనే వ్రాయించవచ్చును.