నేలను బట్టి ట్రాక్టరు

ట్రాక్టరు లాగే బలం ఇంజను శక్తితో పాటు నేలపై చక్రాలకు దొరికే పట్టుపైనా ఆధారపడి ఉంటుంది. టూ వీల్ డ్రైవ్‌లో ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగు చక్రాలూ లాగుతాయి.

పాలమూరు చెల్కల్లో తేలికపాటి గొర్రుతో దున్నడానికి మొదటిది చాలు. దాని ధర, మరమ్మతుల ఖర్చు తక్కువ. ఆదిలాబాదు నల్లరేగడిలో లోతుగా దున్నేటప్పుడు, మిర్యాలగూడ వరి మడుల్లో దమ్ము చేసేటప్పుడు వెనుక చక్రాలు జారి డీజిలు, కాలం వృథా అవుతాయి. అక్కడ రెండవది మేలు. ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తే మొదటిదీ దమ్ము చేయగలదు. కాని వాటితో రోడ్డెక్కితే రోడ్డు దెబ్బతింటుంది.

ట్రాక్టరు అప్పు ఏళ్ళ తరబడి తీర్చవలసినది. అందుచేత రైతు పొరుగువాని బండిని కాక, తన నేలను చూసి ఎంచుకోవడమే వివేకం.