అంచులో దాక్కున్న పోగు

ఇంట్లో ధర్మవరం పట్టుచీర ఉంటే ఒకసారి పరిచి చూడండి. మధ్యలో సాదాగా ఉన్న చోట ఒక్క పేక పోగు తప్పినా సన్నటి గీతలా కంటికి తగులుతుంది. అదే తప్పు జరీ డిజైన్ నిండుగా ఉన్న అంచులో పడితే, వేలు పెట్టి చూపించినా వెంటనే కనబడదు. తప్పు ఒకటే, చూసే కన్నూ ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

దీన్ని కాంట్రాస్ట్ మాస్కింగ్ అంటారు. మన కన్ను వెలుగు ఎంతుందో కంటే, పక్కదానికీ దీనికీ తేడా ఎంతో ఎక్కువ పట్టించుకుంటుంది. ఆ తేడానే కాంట్రాస్ట్. చుట్టూ దాదాపు అదే సైజులో, అదే దిశలో బలమైన గీతలుంటే చిన్న తేడా వాటిలో కలిసిపోతుంది. జాతరలో మైకుల మధ్య మన ఫోన్ రింగ్ వినబడనట్టే.

1980లో లెగ్గీ, ఫోలీ అనే ఇద్దరు దీన్ని కొలిచి ఒక మోడల్ ఇచ్చారు. 1994లో ఫోలీ దాన్ని మార్చి, అందులో భాగహారం పెట్టాడు. అంటే ఒక సిగ్నల్‌ని చుట్టుపక్కల సిగ్నల్స్ మొత్తంతో, ఒక స్థిరాంకం కలిపి, భాగించాలి. ఉదాహరణకి తప్పు బలం 5, స్థిరాంకం 10 అనుకుందాం. సాదా చోట చుట్టూ 0 కాబట్టి 5/10, అంటే 0.5. అంచులో చుట్టూ 90 ఉంటే 5/100, అంటే 0.05. పది రెట్లు తక్కువ! బాగా కంప్రెస్ చేసిన ఫోటోలో గడులు మన అనంతపురం ఖాళీ ఆకాశంలో కనబడి, కింద రాళ్లనేలలో కనబడకపోవడానికీ ఇదే కారణం.

మనలో ఎవరైనా చీరల్లో తప్పులు పట్టే ప్రాజెక్ట్ చేస్తే, ముందుగా తట్టేది మంచి చీర ఫోటోలోంచి ఈ చీర ఫోటోని పిక్సెల్ పిక్సెల్‌గా తీసేయడం. ఆ లెక్కలో రెండు తప్పులకీ ఒకటే మార్కు. వానల్ని నమ్ముకోలేని ఈ సీమలో చాలా ఇళ్లకి మగ్గమే ఆధారం. ఎవరికీ కనబడని తప్పుకి కూలి కోయించే ప్రోగ్రామ్ మనం రాయకూడదు.

అలాగని కనబడని తప్పు లేనట్టు కాదు. అంచులో పోగు వదులైతే రేపు లేచిపోవచ్చు. కాబట్టి కంటికి ఎంత తగులుతుందో ఒక మార్కు, నేత గట్టిదనానికి వేరే మార్కు ఉండాలి. ఇక ఆ భాగహారంలో స్థిరాంకం ఎంత పెట్టాలో ల్యాప్‌టాప్ చెప్పదు. నేసేవాళ్లకీ కొనేవాళ్లకీ చీరలు చూపించి, ఏ తప్పు ఎవరికి కనబడిందో అడిగి రాసుకోవాలి. కోడింగ్ ఆ తర్వాతే.