చలికాలంలో గోబర్ గ్యాసు తగ్గకుండా

పుష్యమాసపు చలికి గోబర్ గ్యాసు తగ్గిందని బొబ్బిలి ప్రాంత సభ్యులు కొందరు ప్లాంటును అనుమానిస్తారు. సాధారణంగా లోపం ప్లాంటుది కాదు. గ్యాసును తయారుచేసే సూక్ష్మజీవులు సుమారు 35 డిగ్రీల వేడిలో చురుకుగా పనిచేస్తాయి, చలికి మందగిస్తాయి.

కావున సభ్యులు ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను.

1. పేడను తెల్లవారుజామున చన్నీటితో గాక, మధ్యాహ్నం ఎండకు కాగిన నీటితో సమపాళ్ళలో కలిపి పోయాలి.

2. డోముపైన, చుట్టూ పశువులు తినగా మిగిలిన గడ్డి మందంగా కప్పాలి. ప్లాంటుపై నీడపడే కొమ్మలు కొట్టివేయాలి.

3. స్నానాల నీళ్ళను నల్లని పాత్రలో ఎండకు పెట్టి, గ్యాసును వంటకే వాడాలి. పప్పు నానబెట్టి, మూతపెట్టి ఉడికించాలి.

గ్యాసు చాలక పిడకలు కాలిస్తే ఇంట్లో ఆడవారికి పొగ, పొలానికి ఎరువు నష్టం. పేడను ప్లాంటులో పోస్తే వంటా సాగుతుంది, ఎరువూ దక్కుతుంది.