రాజీనామా పత్రం వెనుక కులం

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని, తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు చర్చ ప్రధానంగా కృత్రిమ మేధ చుట్టూ, నైపుణ్యాల చుట్టూ తిరిగింది. తొలగింపునకు గురయ్యేది ఏ సామాజిక వర్గాలవారన్న ప్రశ్న ఆ చర్చలోకి రాలేదు. ప్రైవేటు రంగంలో కులం లేదు, ప్రతిభే ఉందన్న నమ్మకమే ఈ మౌనానికి మూలం. దానినే నేను ప్రశ్నించదలచుకున్నాను.

ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే నెల ముందు నోటీసు గానీ, బదులుగా వేతనం గానీ ఇవ్వాలి. సర్వీసులోని ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం పరిహారంగా చెల్లించాలి. సాధారణంగా చివర చేరినవారినే ముందు తొలగించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ రక్షణలు కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఉన్నాయి. ఇంజనీరు అసలు ‘కార్మికుడే’ కాడన్నది యాజమాన్యాల మొదటి వాదన. ఉద్యోగి తానే రాజీనామా చేస్తే ఆ వాదన అవసరం కూడా ఉండదు. ఈ రక్షణలేవీ వర్తించవు.

నేను పనిచేసిన ఒక సంస్థలో మానవ వనరుల విభాగం పిలిచేసరికే రాజీనామా లేఖ సిద్ధంగా ఉండేది. సంతకం చేస్తే రిలీవింగ్ లెటర్, లేకుంటే టెర్మినేషన్ ముద్ర. ఆ గదిలో ‘చేయను’ అని ఎవరు అనగలరు? సొంత ఇల్లు, ఊళ్లో భూమి, మరో కంపెనీలో రిఫర్ చేసే బంధువు ఉన్నవారు నాలుగు నెలలు నిలబడగలరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి, ఇంట్లో తొలి నెలజీతం తెచ్చిన మాల, మాదిగ, లంబాడా బిడ్డపై చెల్లెలి చదువు, తండ్రి వైద్యం, అప్పుల వాయిదాలు ఆధారపడి ఉంటాయి. జీతం లేని రాత్రి పనిని కాదనలేనిదీ ఆ బిడ్డే.

ఇక ప్రతిభను కొలిచేదెవరు? 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చిన అధ్యయనం వెయ్యి కంపెనీల బోర్డులను పరిశీలించి, సభ్యుల్లో 90 శాతానికి పైగా అగ్రకులాలవారేనని తేల్చింది. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ ప్రైవేటు ఉద్యోగాలకు సమాన అర్హతలతో, వేర్వేరు కులాలను సూచించే పేర్లతో దరఖాస్తులు పంపితే, దళిత పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ద్వారం దగ్గర మేల్కొని ఉన్న కులం రేటింగుల దగ్గర నిద్రపోతుందని ఎలా నమ్మాలి?

డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా ఉన్న కాలంలోనే, 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారపు పని గంటలను 54 నుంచి 48కి తగ్గించింది. అంతకుముందే, 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో, శ్రామికులు బ్రాహ్మణవాదంతోనూ పెట్టుబడిదారీ విధానంతోనూ పోరాడాలని ఆయన చెప్పారు. నేటి ఐటీ ఉద్యోగుల సంఘాలు రెండోదాని గురించే మాట్లాడి మొదటిదాన్ని వదిలేస్తే, ఆ పోరాటం సగంలోనే ఆగుతుంది.

అందుకే నేను కోరేవి మూడు. ఒత్తిడితో తీసుకున్న రాజీనామాలను కార్మిక శాఖ తొలగింపులుగానే పరిగణించి విచారించాలి. లాగిన్ రికార్డుల ఆధారంగా అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇప్పించాలి. ఎవరిని చేర్చుకున్నారో, ఎవరికి పదోన్నతి ఇచ్చారో, ఎవరిని పంపించారో సామాజిక వర్గాలవారీగా, వ్యక్తుల పేర్లు లేకుండా, కంపెనీలు ఏటా ప్రకటించాలి. ఆ లెక్క చెప్పనంత కాలం ‘మా దగ్గర కులం లేదు’ అనే హక్కు వాటికి లేదు.