గవర్నరు దినచర్య

ఎన్నూరు పిల్లలందరికీ బకింగ్‌హామ్ కాలువ తెలిసినదే. ఈ కాలువ ఉత్తరాన ఆంధ్రదేశంలోని పెదగంజాం దగ్గర మొదలై, నెల్లూరు సీమ తీరం వెంబడి సాగి, పులికాట్ సరస్సును దాటి ఎన్నూరు చేరుతుంది. అక్కడి నుండి చెన్నై నగరంలో ప్రవేశించి, దక్షిణాన మరక్కాణం వరకు పోతుంది. దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. లారీలు పెరగకముందు నెల్లూరు సీమ నుండి బియ్యం, వంటకట్టెలు పడవల మీద ఈ దారినే చెన్నపట్నం చేరేవి. చెన్నపట్నం నుండి ఎన్నూరు వరకు గల భాగాన్ని 1806లో తవ్వారు. అప్పట్లో దానిని కాక్రేన్ కాలువ అనేవారు. తరువాత కాలువ రెండు దిక్కులా పెరిగింది. 1878లో దానికి బకింగ్‌హామ్ అనే పేరు వచ్చింది.

ఆ పేరు ఒక గవర్నరుది. 1875 నుండి 1880 వరకు మద్రాసు రాజధానిని పాలించిన బకింగ్‌హామ్ ప్రభువు పేరును కాలువకు పెట్టారు. తమిళంలో ఆళునర్ అని పిలిచే ఈ గవర్నరు ఎవరు? ఉదయం లేచినది మొదలు రాత్రి వరకు ఆయన చేసే పని ఏమిటి? ఆయన సంతకానికి అంత విలువ ఎందుకు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే ముందు నాటి గవర్నరును, తరువాత నేటి గవర్నరును చూడాలి.

ఆంగ్లేయుల కాలంలో మద్రాసు రాజధాని చాలా పెద్దది. నేటి తమిళనాడులో ఎక్కువ భాగం, కోస్తా ఆంధ్ర, రాయలసీమ, మలబారు, దక్షిణ కన్నడం దానిలోనివే. ఇంతటి ప్రాంతానికి గవర్నరే పాలకుడు. సలహా చెప్పడానికి ఇద్దరు ముగ్గురు సభ్యుల మండలి ఉండేది. పైన కంపెనీవారు, ఆ తరువాత ఇంగ్లండు ప్రభుత్వం ఉండేవి. ప్రజలు ఎన్నుకున్నవారు మాత్రం ఎవరూ లేరు.

ఆ గవర్నర్లలో తెలుగువారు నేటికీ తలచుకొనేది సర్ థామస్ మన్రోను. ఆయన 1800 నుండి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి తెలుగు, కన్నడం నేర్చుకొన్నారు. 1820లో మద్రాసు గవర్నరు అయ్యారు. తెల్లవారగానే లేవడం ఆయనకు అలవాటు. ఉదయపు వేళ గుర్రం మీదనో, కాలినడకనో బయలుదేరేవారు. ఆ సమయంలో అర్జీలు పట్టుకొని వచ్చిన రైతులతో వారి భాషలోనే మాట్లాడేవారు. ఆ తరువాత కాగితాల పని సాగేది. మధ్యవర్తి లేకుండా రైతు మాట వినగలగడం ఆ దినచర్యలోని గొప్ప గుణం.

ఆ కాగితాల పనిలో ఒకటి విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. దేశంలో ఎన్ని బడులున్నాయో, ఎందరు పిల్లలు చదువుతున్నారో లెక్క తీసి పంపవలసినదిగా 1822లో మన్రో కలెక్టర్లందరికీ ఉత్తరువు ఇచ్చారు. లెక్కలన్నీ వచ్చేసరికి కొన్ని సంవత్సరాలు పట్టింది. 1826లో ఆయన రాసిన కాగితం ప్రకారం రాజధానిలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. అప్పటి జనాభా సుమారు 1 కోటి 28 లక్షలు. చదువుకొనేవారు ఇంత తక్కువగా ఉండడం మంచిది కాదని, ప్రభుత్వం బడులు పెట్టి ఉపాధ్యాయులను తయారు చేయాలని ఆయన భావించారు.

గవర్నరు పని గదిలో కూర్చొని చేసేది మాత్రమే కాదు. 1827లో, పదవి విడిచి స్వదేశానికి వెళ్లబోయే ముందు, మన్రో దత్తమండలాలను చివరిసారి చూడడానికి బయలుదేరారు. ఆ దారిలో కలరా వ్యాపించి ఉంది. ఆయన ప్రయాణం మానలేదు. జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరా సోకి, ఆ రోజే కన్నుమూశారు. ఆయన గుర్రపు విగ్రహం చెన్నైలో అన్నా సాలై ఉత్తరపు కొసన, ఐలాండ్ మైదానం దగ్గర నేటికీ ఉంది.

అయితే పాలకుడు మంచివాడైనప్పుడు మాత్రమే ఆ పాలన మేలు చేస్తుంది. నిర్ణయమంతా కొద్దిమంది చేతిలో ఉంటే జరిగేదేమిటో 1876 నుండి 1878 వరకు వచ్చిన మహాక్షామం చూపింది. తెలుగు పల్లెలలో దానిని ధాత కరవు అన్నారు. ఆ సమయంలో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు. మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొని నిలువ చేయబోగా, పైనున్న ఇండియా ప్రభుత్వం అందుకు ఒప్పుకోలేదు. ఖర్చు తగ్గించడానికి అది సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపింది. కరవు పనులలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై అర అణా చాలునని 1877లో ఆయన నిర్ణయించాడు. ఇంత తక్కువ తిండితో కష్టపడి పనిచేస్తే మనిషి బ్రతకడని రాజధాని ఆరోగ్యశాఖ అధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించారు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది. కాని ఆ కొన్ని నెలలలో మరణించినవారికి ఆ ఉత్తరువు వల్ల ప్రయోజనం లేకపోయింది. కూవం, అడయారు నదులను కలిపే 8 కిలోమీటర్ల కాలువను అప్పుడే కరవు పనిగా తవ్వించారు. ఎన్నూరు కాలువకు వచ్చిన పేరు వెనుక ఇంత కథ ఉంది. ఒక బల్ల మీద ఒక కాగితం ఆలస్యమైతే ఎందరి బ్రతుకులు ఆగిపోతాయో ఆ కథ చెబుతుంది.

క్రమంగా ఈ స్థితి మారింది. 1920లో మద్రాసులో ఎన్నికైన మంత్రులు కొన్ని శాఖలను నిర్వహించసాగారు. కాళహస్తి ప్రాంతానికి చెందిన పానగల్ రాజా 1921 నుండి 1926 వరకు ప్రధానమంత్రిగా ఉన్నారు. ముఖ్యమంత్రిని అప్పుడు ఆ పేరుతో పిలిచేవారు. 1936లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు అనే తెలుగు నాయకుడు కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. 1950 జనవరి 26న భారత రాజ్యాంగం అమలులోకి వచ్చాక గవర్నరు స్థానం పూర్తిగా మారిపోయింది.

రాజ్యాంగం ప్రకారం గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. ఆ పదవికి 35 సంవత్సరాలు నిండిన భారత పౌరులు అర్హులు. పదవీకాలం 5 సంవత్సరాలు. రాష్ట్రపతి ముందుగానే తొలగించవచ్చు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేసి గవర్నరు బాధ్యత స్వీకరిస్తారు. రాజ్యాంగం ఆయన విచక్షణకు విడిచిన కొన్ని విషయాలలో తప్ప, మిగిలిన అన్నిటిలో ముఖ్యమంత్రి, మంత్రిమండలి ఇచ్చే సలహా ప్రకారం నడుచుకోవాలి. అంటే సంతకం గవర్నరుది, నిర్ణయం ప్రజలు ఎన్నుకున్నవారిది. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే నేటి గవర్నరు దినచర్య సులభంగా అర్థమవుతుంది.

తమిళనాడు గవర్నరు నివాసం చెన్నైలోని గిండీలో ఉంది. చాలా కాలం రాజ్‌భవన్ అని పిలిచిన ఈ భవనానికి 2025 చివర లోక్‌భవన్ అని పేరు మార్చారు. పక్కనే గిండీ జాతీయ ఉద్యానవనం. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు అక్కడ తిరుగుతాయి. గవర్నరుకు సహాయంగా ఒక కార్యదర్శి, ఆయన కింద ఒక కార్యాలయం ఉంటాయి. వెంట ఉండి కార్యక్రమాలు నడిపించే అధికారులను ఏ.డి.సి.లు అంటారు. ఏ రోజు ఎవరిని కలవాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏ సభలో మాట్లాడాలి అనే పట్టిక ముందే తయారవుతుంది.

రోజులో ముఖ్యమైన పని దస్త్రాలు చూడడం. శాసనసభ ఆమోదించిన ప్రతి బిల్లు గవర్నరు దగ్గరకు వస్తుంది. ఆయన సమ్మతి పొందితేనే అది చట్టమవుతుంది. తమిళనాడు బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం కూడా మొదట శాసనసభలో బిల్లుగా పుట్టినదే. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడి తరగతి పట్టికను మార్చినది అటువంటి ఒక కాగితమే. అందుచేత బిల్లును శ్రద్ధగా చదవడం గవర్నరు విధి. బిల్లుకు ఆయన సమ్మతి ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ధన బిల్లు కానిదైతే, మళ్లీ ఆలోచించమని శాసనసభకు తిప్పి పంపవచ్చు. అలా తిప్పి పంపడం వీలైనంత త్వరగా జరగాలని రాజ్యాంగమే చెప్పింది. శాసనసభ దానిని మళ్లీ ఆమోదిస్తే సమ్మతిని నిరాకరించకూడదు.

ఈ ‘వీలైనంత త్వరగా’ అన్న మాట మీద పెద్ద వివాదమే జరిగింది. తమిళనాడు శాసనసభ ఆమోదించిన బిల్లులు చట్టాలు కాకుండా ఆగిపోగా, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. శాసనసభ రెండవసారి ఆమోదించిన 10 బిల్లులను రాష్ట్రపతికి పంపడం చెల్లదని, అవి సమ్మతి పొందినట్లేనని 2025 ఏప్రిల్ 8న కోర్టు తీర్పు చెప్పింది. ఆ తరువాత రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే సంవత్సరం నవంబరు 20న అభిప్రాయం తెలిపింది. గవర్నరుకు కోర్టులు గడువు విధించరాదని, సమ్మతి లభించినట్లు భావించడం కూడా కుదరదని చెప్పింది. అయితే కారణం చూపకుండా చాలా కాలం ఏ నిర్ణయమూ తీసుకోకపోతే కోర్టు పరిమితంగా జోక్యం చేసుకోవచ్చునని పేర్కొంది. దస్త్రం మీద సంతకం ఎంత ముఖ్యమో, సంతకం చేసే సమయం కూడా అంతే ముఖ్యమని ఈ వివాదం వల్ల అందరికీ తెలిసింది.

దస్త్రాలతోపాటు సందర్శకులు ఉంటారు. మంత్రిమండలి నిర్ణయాలను గవర్నరుకు తెలపడం ముఖ్యమంత్రి విధి. సందేహం కలిగితే గవర్నరు వివరాలు అడగవచ్చు. శిక్ష పడినవారి క్షమాభిక్ష అర్జీలు కూడా ఆయన పేరనే నిర్ణయం పొందుతాయి. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నరు కులపతి, అనగా ఛాన్సలరు. స్నాతకోత్సవాలలో పట్టాలు ఇవ్వడం ఆ బాధ్యతలో భాగం.

సంవత్సరంలో కొన్ని రోజులు ప్రత్యేకమైనవి. ప్రతి సంవత్సరం శాసనసభ మొదటి సమావేశంలో గవర్నరు ప్రసంగించాలి. ఆ ప్రసంగాన్ని తయారు చేసేది మంత్రిమండలి. జనవరి 26న మెరీనా తీరాన ఆయన జాతీయ జెండా ఎగురవేస్తారు. ఆగస్టు 15న మాత్రం సెయింట్ జార్జి కోటలో ముఖ్యమంత్రి ఎగురవేస్తారు. 1974 నుండి వచ్చిన పద్ధతి ఇది.

ఈ పదవిలో పలువురు తెలుగువారు పనిచేశారు. మర్రి చెన్నారెడ్డి 1993 నుండి 1996 వరకు, పి. ఎస్. రామమోహనరావు 2002 నుండి 2004 వరకు, కొణిజేటి రోశయ్య 2011 నుండి 2016 వరకు తమిళనాడు గవర్నర్లుగా ఉన్నారు. మహారాష్ట్ర గవర్నరుగా ఉన్న సి.హెచ్. విద్యాసాగరరావు 2016, 2017 సంవత్సరాలలో ఈ బాధ్యతను అదనంగా నిర్వహించారు. 2016 డిసెంబరు 5 రాత్రి ముఖ్యమంత్రి జయలలిత మరణించారు. రాష్ట్రం ముఖ్యమంత్రి లేకుండా ఉండరాదు. అర్ధరాత్రి దాటాక రాజ్‌భవన్‌లో విద్యాసాగరరావు కొత్త ముఖ్యమంత్రి ఓ. పన్నీర్‌సెల్వం చేత ప్రమాణం చేయించారు. గవర్నరు పనివేళలు గడియారం చూసి ముగిసేవి కావని ఆ రాత్రి నిరూపించింది.

మళ్లీ ఎన్నూరుకు వద్దాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలతోపాటు నూనె తెట్టు ఎన్నూరు కయ్యలోకి వచ్చి చేరింది. పడవలు, వలలు పాడయ్యాయి. జాలరుల జీవనోపాధి దెబ్బతిన్నది. అటువంటి వేళ సహాయం ఇవ్వాలన్నా, కాలువను బాగుచేయాలన్నా ప్రభుత్వ ఉత్తరువు కావాలి. తమిళనాడు ప్రభుత్వ ఉత్తరువుల చివర ‘ఆళునరిన్ ఆణైప్పడి’, అనగా గవర్నరు ఆజ్ఞ ప్రకారం, అనే మాట కనిపిస్తుంది. 1877లో ఆ ఆజ్ఞ వెనుక కొద్దిమంది దొరలు ఉన్నారు. నేడు దాని వెనుక ప్రజలు వేసిన ఓటు ఉంది. కాబట్టి గవర్నరు చదవాలి, అడగాలి, హెచ్చరించాలి, సకాలంలో సంతకం చేయాలి. ఆ ఆజ్ఞ ఎలా ఉండాలో తెలిసి ఓటు వేయడం పౌరుల పని.

అభ్యాసం

1. బకింగ్‌హామ్ కాలువకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. 1822లో మన్రో ఇచ్చిన ఉత్తరువు ఏమిటి? దాని వలన ఏమి తెలిసింది?
3. ‘సంతకం గవర్నరుది, నిర్ణయం ప్రజలు ఎన్నుకున్నవారిది’ – ఈ వాక్యాన్ని వివరించండి.
4. బిల్లు తన దగ్గరకు వచ్చినప్పుడు గవర్నరు ఏమేమి చేయవచ్చు?
5. మీ బడిలో ఉన్న ఒక ప్రభుత్వ ఉత్తరువును చూసి, దాని చివర ఉన్న మాటలను తెలుగులో రాయండి.