ఒక్కడు ఇద్దరిని ఆపేదెలా?

పిల్లలూ! బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ స్టేడియం మీకు తెలుసు కదా. పూర్వం దాన్ని ఫతే మైదాన్ అనేవారు. ఫుట్‌బాల్‌లో ఒక చిక్కు చూడండి. బంతి ఉన్నవాడూ, అతని జోడీ పరుగెత్తుకొస్తున్నారు. అడ్డుగా మీరొక్కరే! బంతి మీదికి దూకితే జోడీకి అందిస్తాడు. జోడీ వైపు జరిగితే తానే దూసుకుపోతాడు. మీరు కదిలాకే అతను నిర్ణయిస్తాడు. కిటుకంతా అక్కడే ఉంది.

కన్ను చూసినదానికి కాలు కదలాలంటే సుమారు 0.2 సెకండు కావాలి. సెకండుకు 6 మీటర్లు పరుగెత్తేవాడు ఆలోగా 1.2 మీటర్లు దాటేస్తాడు. పైగా దూకిన శరీరాన్ని జడత్వం వెంటనే వెనక్కి తిరగనివ్వదు.

మరి ఉపాయం? దూకకపోవడమే! బంతి అందించే దారికి అడ్డుపడుతూ మెల్లగా వెనక్కి జరగాలి. ఈలోగా మనవాడొకడు వచ్చి చేరతాడు. (చూడ్డానికి పిరికితనంలా ఉంటుందిగాని, కష్టమైన విద్య.)

అమెరికా కాలేజీల ఫుట్‌బాల్‌లో దీని పెద్దన్న ‘ఆప్షన్’. అక్కడ బంతి ముగ్గురిలో ఎవరి చేతికైనా పోవచ్చు. అందుకే డిఫెండర్లు తలా ఒకణ్ణి ముందే పంచుకుంటారు. బంతి ఎటుపోయినా తన మనిషిని వదలరు.

హైదరాబాదులో పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, బంతిని ఆపకుండా ఒక్క తాకుతోనే అందించడం నేర్పేవారు. ఎదుటివాడి 0.2 సెకండును కాజేయడమన్నమాట! ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది.

మీ 0.2 సెకండు కొలుచుకుంటారా? స్నేహితుణ్ణి స్కేలు నిలువుగా పట్టుకుని హఠాత్తుగా వదలమనండి. 20 సెంటీమీటర్లు జారాక మీ వేళ్ళకు చిక్కితే, సరిగ్గా అంతే!